రెండు స్టిక్కుల మెమరీ

మా తమ్ముడు రాయిస్‌కి తెలియని విషయం లేదు. ఈ మాట నేను అనడం లేదు, వాడే అంటాడు. మా ఊరు విన్‌యార్డ్‌లో గానీ, పక్కనున్న రేవు పట్టణం బర్నీలో గానీ, మధ్యలో ఉన్న బంగాళదుంపల పొలాల్లో గానీ ఎవరింట్లో ఆటల కంప్యూటర్ ఉన్నా అది చాలావరకు వాడు బిగించిందే అయ్యుంటుంది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా "రాయిస్‌ని అడుగు" అంటారు. నేను వాడికంటే మూడేళ్లు పెద్దదాన్ని. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో స్కూలు బస్సు నడుపుతున్నాను. నన్ను మాత్రం బస్సు ఎన్నింటికని తప్ప ఎవరూ ఏమీ అడగరు.

ఏటా జూన్‌లో రాజుగారి పుట్టినరోజు సెలవులకి మా ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో ఆటలవాళ్లం చేరతాం. ఎవరి కంప్యూటర్ వాళ్లు మోసుకొచ్చి బల్లల మీద పెట్టుకుని, అన్నీ కలిపి, మూడు రోజులు ఒళ్లు తెలియకుండా ఆడుకుంటాం. మాకు జూన్ అంటే చలికాలం. బయట వాన, లోపల హీటర్లు, క్లబ్బు వంటగదిలో ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన స్కాలప్ పై. శనివారం పొద్దున ఆట మొదలయ్యే ముందు ఒక గంట మాత్రం ఎవరూ ఆడకూడదు. కంప్యూటర్ డబ్బా పక్క తలుపు ఊడదీసి, లోపలి సామానంతా కనబడేలా పెట్టుకుని, దాని పక్కన నిలబడాలి. ఊళ్లోవాళ్లు, ఇంట్లోవాళ్లు, పక్క బల్లలవాళ్లు వచ్చి చూస్తారు, ప్రశ్నలు వేస్తారు. దాన్ని చూపుల గంట అంటాం. పెళ్లిచూపుల్లో అయినా కాస్త మొహమాటం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. లోపల దుమ్ముందా అని టార్చి వేసి మరీ చూస్తారు.

నా కంప్యూటర్ ఎప్పుడూ రాయిస్సే బిగించేవాడు. చూపుల గంటలో నా పక్కన వాడే నిలబడేవాడు, వాడే చెప్పేవాడు. పోయినేడాది వాడు టీ కోసం వెళ్లిన సమయంలో ఫెర్గస్ ట్యాట్లో అనే ఎలక్ట్రీషియన్ నా బల్ల దగ్గరకొచ్చాడు. "గ్లెనిస్, ఇందులో మెమరీ ఎన్ని స్టిక్కులు, ఎంత వేగం?" అన్నాడు. నేను లోపలికి చూశాను. స్టిక్కులన్నీ మెరుస్తున్నాయి, వాటిలో ఏవి మెమరీయో నాకు తెలియదు. "రాయిస్‌ని అడుగు" అన్నాను. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. అది ఎగతాళి నవ్వయితే తిట్టి ఊరుకునేదాన్ని. చిన్నపిల్ల ముద్దుమాట చెబితే నవ్వుతారే, ఆ నవ్వు. నాకు అరవై ఒకటి. ఆ నవ్వు నాకు ఏడాదిపాటు అరగలేదు.

మార్చిలో ఒక రోజు రాయిస్ మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు తేల్చేశాను.

"ఈసారి నా కంప్యూటర్ నేనే బిగించుకుంటా."

"నువ్వా? అక్కా, నీకు టోస్టర్‌తోనే పడదు."

"ఆ టోస్టర్ బాగుచేస్తానని పాడుచేసింది నువ్వే."

"సర్లే, బిగించు. సామానంతా తెచ్చుకో, నేను పక్కన కూర్చుని..."

"పక్కన కాదు, ఈ వీధిలోనే ఉండొద్దు. ఒక్క స్క్రూ ముట్టుకున్నావంటే వేలు విరుస్తా. మెమరీతో సహా నేనే ఏరుకుంటా."

మెమరీ అనేసరికి వాడు ఫోర్కు కింద పెట్టాడు. మిగతా సామాను సంగతి ఎవరేమన్నా వింటాడు గానీ, మెమరీ దగ్గర మాత్రం వాడి మాటే శాసనం.

"ఆన్ కాకపోతే?" అన్నాడు.

"కాకపోతే చూపుల గంటలో నీ పక్కన నోరు మూసుకుని నిలబడతా. ఇకముందు కూడా మా తమ్ముడే బిగిస్తాడని అందరికీ నా నోటితోనే చెప్తా. చచ్చేదాకా నీదే పెత్తనం."

"అయితే?"

"అయితే నా డబ్బా పక్కన నేనే నిలబడతా. ఎవరేమడిగినా నేనే చెప్తా. ఆ గంటసేపూ నువ్వు హాలుకి అవతలి చివర ఉండాలి."

"ఖాయమేనా?"

"ఖాయం."

మా ఆయన కెల్విన్ బఠాణీల గిన్నె అటు జరుపుతూ, "లైట్లున్నది కొను, చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు. ఆయనకి ఆటలు రావు గానీ లైట్లంటే ప్రాణం.

రాయిస్ వెళ్లేముందు గుమ్మంలో నిలబడి పాఠం చెప్పనే చెప్పాడు. "మదర్‌బోర్డు మీద మెమరీకి నాలుగు స్లాట్లు ఎందుకిచ్చారంటావ్? నాలుగూ నింపమని. రెండు ఖాళీగా వదిలేస్తే నోట్లో పళ్లు ఊడినట్టుంటుంది. నాలుగు స్టిక్కులు కొను, పొడుగువి కొను, లైట్లవి కొను. పొడుగుంటే చల్లగా ఉంటాయి." వాడికే కింద రెండు పళ్లు లేవు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

జూన్ సెలవులకి పది రోజుల ముందు బర్నీలో కంప్యూటర్ సామాను అమ్మే దుకాణానికి వెళ్తే కౌంటర్లో ఆకుపచ్చ జుట్టుతో టీగన్ ఉంది. ఆరేళ్లు నా బస్సెక్కిన పిల్ల. నా బస్సుకి ఒక నియమం ఉంది. స్టాపులో రెండు నిమిషాలు ఆగుతా, తలుపు వేస్తా, వెళ్లిపోతా. ఈ పిల్లని కనీసం రెండుసార్లు వానలో వదిలేసి వెళ్లాను. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"కూర్చోండి గ్లెనిస్ గారూ, రెండు నిమిషాల్లో వస్తా" అని లోపలికి వెళ్లి పావుగంటకి వచ్చింది. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. కెల్విన్ మాత్రం లైట్లున్న మెమరీల అద్దాల బీరువా ముందు నిలబడిపోయాడు.

"ఏం ఆడతారు?" అంది టీగన్.

"తుపాకులాట. నలుగురం ఒక జట్టు. నేను ముందు దూకే మనిషిని."

"దూకి ముందే చచ్చిపోతుంది" అన్నాడు కెల్విన్ వెనకనుంచి.

"అయితే ముప్ఫై రెండు జీబీ చాలు. అరవై నాలుగు తీసుకుంటే సగం ఖాళీగా పడుంటుంది."

"స్టిక్కులు ఎన్ని?"

"రెండు. పదహారువి రెండు."

"మా తమ్ముడు నాలుగు పెట్టమన్నాడు."

"మీ తమ్ముడంటే రాయిస్ గారా?" అంది ఆ పిల్ల. పెద్దవాళ్లని తప్పుపట్టేటప్పుడు పిల్లలు పెట్టే మొహం పెట్టింది. "పాతవాటికి నాలుగు పెట్టినా ఓర్చుకునేవి. ఈ కొత్తరకం మెమరీ నాలుగు పెడితే బోర్డు మోయలేక నెమ్మదిగా నడిపిస్తుంది. ఒక్కటే పెట్టినా తప్పే, ఒంటిచేత్తో పని చేసినట్టుంటుంది. రెండు పెట్టండి, రెండు చేతులూ ఆడతాయి."

అది నాకు నచ్చింది. ఇంతవరకు నాకెవరూ మెమరీ గురించి చేతులతో చెప్పలేదు.

"ఇవి చూడు గ్లెనీ, నెమలి పింఛంలా ఉన్నాయి" అన్నాడు కెల్విన్. ఆయన చేతిలో ఉన్నవి జానెడు పొడుగున్నాయి.

టీగన్ తల అడ్డంగా ఊపింది. "మీరు బుట్టలో వేసుకున్న కూలర్ ఫ్యాన్ పెద్దది. అది మెమరీ మీదకి వంగి ఉంటుంది. ఇంత పొడుగువి పెడితే ఫ్యాన్ కూర్చోదు. పొట్టివి తీసుకోండి."

చివరికి నల్లటివి, పొట్టివి, లైట్లు లేనివి రెండు తీసుకున్నాను. డబ్బా మీద వేగం ఆరు వేలని రాసి ఉంది. కెల్విన్ వాటిని చూసి, "శవం దగ్గరికి వెళ్తున్నట్టున్నాయి" అన్నాడు. "ఆడేటప్పుడు నేను తెర చూస్తానా, డబ్బాలోకి తొంగి చూస్తానా?" అన్నాను.

"స్లాట్లలో రెండోదీ నాలుగోదీ వాడండి, పక్కపక్కన పెట్టకండి" అంది టీగన్ సంచీ అందిస్తూ. "ఇంకో ముఖ్యమైన మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు..."

అప్పటికే నేను గుమ్మం దాటాను. మూడు గంటల బస్సుకి టైమవుతోంది. నా బస్సుకి నేనే ఆలస్యమైతే ఇక పిల్లల్ని ఏమనగలను?

బిగించడం మూడు మధ్యాహ్నాలు పట్టింది. వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. వైర్లని పిల్లల జడల్లా పాయలు తీసి కట్టాను. అన్నింటికంటే భయపెట్టింది మెమరీయే. స్లాట్‌లో పెట్టి రెండు చేతులతో నొక్కాలి. ఎంత నొక్కాలో తెలియదు. బోర్డు వంగుతోంది, అది వంగుతుంటే నా గుండె వంగుతోంది. కళ్లు మూసుకుని నొక్కాను. ఠక్కున కూర్చుంది. ఇంకోటి, మళ్లీ ఠక్కు. కెల్విన్ చప్పట్లు కొట్టాడు.

గురువారం పిల్లల్ని దింపి వచ్చాక ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉంది. రెండు నిమిషాలు చూశాను. ఆపేశాను. మెమరీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి ఆన్ చేశాను. నలుపే. రెండు నిమిషాలు చూసి ఆపేశాను. రెండు స్టిక్కులూ అటుదిటు మార్చి పెట్టాను. ఫ్యాన్లు హాయిగా తిరుగుతున్నాయి, తెర మాత్రం బొగ్గులా ఉంది. మళ్లీ రెండు నిమిషాలు. మళ్లీ ఆపేశాను.

"రాయిస్‌కి ఫోన్ చెయ్యనా?" అన్నాడు కెల్విన్.

"చేస్తే ఈ ఇంట్లో నీకు తిండి పుట్టదు."

చెయ్యాల్సిన అవసరం లేకపోయింది. కేకు టిన్ను తిరిగిచ్చే సాకుతో రాయిస్సే వచ్చాడు. ఆ టిన్ను వాళ్లింట్లో క్రిస్మస్ నుంచీ ఉంది. వంటింట్లోకి రాగానే నల్ల తెర చూశాడు. మొహం వెలిగిపోయింది. డబ్బాలోకి వంగి చూసి, "రెండే పెట్టావా" అన్నాడు జాలిగా.

"చేతులు వెనక్కి కట్టుకో."

"ముట్టుకోను లేవే. నాలుగు పెట్టుంటే ఈపాటికి..."

"రాయిస్, బయటికి నడు."

"నేను చొక్కా ఇస్త్రీ చేయించుకుంటా శనివారానికి. నీ పక్కన నిలబడాలి కదా" అంటూ వెళ్లాడు. వాడి కారు మలుపు తిరిగేదాకా ఈల వినబడుతూనే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక, దాని బదులు కోపం తెచ్చుకున్నాను. కోపంలో ఏదో ఒకటి విసిరేద్దామని చేయి చాస్తే మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం దొరికింది. విసరబోయి తెరిచాను. ముప్ఫయ్యో పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు కొత్త మెమరీని అన్ని రకాలుగా పరీక్షించి చూసుకుంటుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, పదిహేను నిమిషాలైనా పట్టొచ్చు, మధ్యలో ఆపవద్దు. ఆ రోజు టీగన్ నా వెనకనుంచి చెప్పబోయింది ఇదేనన్నమాట. పాపం అది బుద్ధిగా పరీక్ష మొదలుపెడుతోంది, నేను రెండు నిమిషాలకోసారి దాని మెడ నొక్కేస్తున్నాను.

మళ్లీ ఆన్ చేశాను. ఈసారి కెల్విన్ నా రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నాడు. ఐదు నిమిషాలప్పుడు ఒకసారి గుంజుకున్నాను, ఆయన వదల్లేదు. పదకొండో నిమిషంలో తెర వెలిగింది. నేను బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను. కెల్విన్ ఏం చెయ్యాలో తెలియక కెటిల్ ఆన్ చేశాడు. చెప్పుకుంటే సిగ్గుగానీ, మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా నేనంత గొప్పదాన్నని అనుకోలేదు.

పుస్తకం రుచి మరిగాక ఆగబుద్ధి కాలేదు. తరవాతి పేజీ కూడా చదివాను. అక్కడ ఇంకో మాట ఉంది. ఎంత వేగమైన మెమరీ కొన్నా, అది మొదట నెమ్మదిగానే నడుస్తుందిట. ఆన్ చేయగానే డిలీట్ నొక్కి లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి, మెమరీ వేగం అనే చోట ఆన్ పెడితే తప్ప కొన్న వేగం రాదుట. వెళ్లి చూశాను. నిజమే, ఆరు వేల వేగమని కొంటే నాలుగు వేల ఎనిమిది వందల దగ్గర నడుస్తోంది. ఆన్ పెట్టాను. ఆరు వేలైంది.

అప్పుడు నాకొక పాడు అనుమానం వచ్చింది. మూలన నా పాత కంప్యూటర్ ఉంది, ఆరేళ్ల కిందట రాయిస్ బిగించింది. దాన్ని ఆన్ చేసి డిలీట్ నొక్కాను. స్టిక్కుల మీద మూడు వేల రెండు వందలని రాసి ఉంది. తెర మీద రెండు వేల నూట ముప్ఫై మూడని ఉంది. ఆరేళ్లుగా నేను ముందు దూకి ముందే చచ్చిపోవడానికి నా తొందర ఒక్కటే కారణం కాదన్నమాట.

రాయిస్ పుస్తకాలు చదవడు. "అవి చేతకానివాళ్లకి" అని పెట్టెలోంచి తీయగానే కట్టెల పొయ్యిలో వేస్తాడు. అంటే నాదొక్కటే కాదు. వాడు బిగించిన ప్రతి కంప్యూటరూ ఇంతే. ఊరంతా వేగమైన మెమరీ కొనుక్కుని నత్తలా ఆడుతోంది.

నాకు నవ్వాగలేదు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. కెల్విన్‌కి అంతా చెప్పాను.

"రాయిస్‌కి చెప్తావా?" అన్నాడు.

"రాయిస్‌కా? శనివారం చూపుల గంటలో హాలంతటికీ చెప్తా. మైకు దొరికితే మైకులో చెప్తా."

కెల్విన్ టీ కలిపాడు. "వాడికి ఆ హాలు తప్ప ఇంకేముంది గ్లెనీ?" అన్నాడు.

అది అబద్ధం కాదు. వాడి భార్య కార్లీన్ ఏడేళ్ల కిందట క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయింది. పగలంతా రేవులో సరుకు దింపే పని, సాయంత్రం ఖాళీ ఇల్లు. కానీ నాకు మాత్రం ఏముంది? బస్సు. ఆ మాటే అన్నాను. కెల్విన్ టీ నా ముందు పెట్టి తన కప్పు తీసుకుని వరండాలోకి వెళ్లాడు.

శనివారం పొద్దున హాల్లో నా డబ్బా పక్క తలుపు తీసి, నేనే దాని పక్కన నిలబడ్డాను. రాయిస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, నా తెర వెలుగుతుండడం చూసి, వెళ్లి అవతలి చివర వంటగది కిటికీ పక్కన నిలబడ్డాడు. మాట మాటే. ఈ విషయంలో వాణ్ని తప్పు పట్టలేను.

తరవాతి అరగంట నా జీవితంలో దొరికిన మంచి అరగంటల్లో ఒకటి. వచ్చినవాళ్లందరికీ చెప్పాను. వైర్లు ఎలా కట్టానో, మెమరీ పొట్టిది ఎందుకో, నాలుగు స్లాట్లుంటే రెండే ఎందుకు నింపానో అన్నీ చెప్పాను. ఒకావిడ, "చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో" అంది. "ముద్దుకేం గానీ, వేగం ఆరు వేలు" అన్నాను.

ఆ తరవాత ఫెర్గస్ వచ్చాడు. నేను వాడి కోసమే చూస్తున్నాను.

"మెమరీ ఎన్ని స్టిక్కులు, గ్లెనిస్?"

"పదహారువి రెండు, రెండో స్లాటూ నాలుగో స్లాటూ. ఆరు వేలు. లోపల సెట్టింగ్ ఆన్ పెట్టాను, లేకపోతే ఆ వేగం రాదు."

ఫెర్గస్ కనుబొమలు పైకి లేచాయి. పక్కనున్నవాళ్లు ఇటు తిరిగారు. ఒక్కరూ నవ్వలేదు.

"ఆ సెట్టింగ్ గురించి మొన్ననే ఎవరో చెప్పారు నాకు" అన్నాడు ఫెర్గస్. "ఇంతకీ నాది ఆన్ చేసి ఉందో లేదో. రాయిస్, ఒకసారి ఇటు రా."

రాయిస్ హాలు దాటుకుని వచ్చాడు. అప్పటికి చుట్టూ పది పదిహేను మంది చేరారు, వాళ్లలో సగంమందివి వాడు బిగించినవే.

"నాకు చేసిన దాంట్లో మెమరీ సెట్టింగ్ ఆన్ పెట్టావు కదా?" అన్నాడు ఫెర్గస్.

రాయిస్ ఫెర్గస్ వంక చూశాడు, నా డబ్బాలోకి చూశాడు, చెవి గోక్కున్నాడు. వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదని నాకు తెలిసిపోయింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. పోయినేడాది ఇదే బల్ల దగ్గర నేను పెట్టిన మొహమే అది. వాడు నావైపు తిరిగాడు.

గురువారం నుంచి సిద్ధంగా పెట్టుకున్న మాట నా నోట్లోనే ఉంది. ఎన్నిసార్లు సాధన చేశానో. బస్సులో అద్దం చూసుకుంటూ కూడా అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"అది ఇంటి దగ్గర చెయ్యడు వాడు. కార్లో గతుకుల్లో ఊగి వస్తాయి కదా ఇవన్నీ, హాలుకి వచ్చి కుదురుకున్నాకే ఆన్ చెయ్యాలి. ఇప్పుడు ఆ పని మీదే బయల్దేరుతున్నాం. నీది మూడోది."

ఇంత పనికిమాలిన అబద్ధం నా జన్మలో చెప్పలేదు. కానీ రాయిస్ పేరు మీద చెప్పానుగా, అందరూ తలాడించారు.

ఫెర్గస్ ఒక్కడే, "ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదే" అన్నాడు.

"ఇన్నేళ్లలో నువ్వెప్పుడూ అడగలేదు" అని రాయిస్ మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను.

మొదటి బల్ల దగ్గర ఇద్దరం కీబోర్డు మీదకి వంగాం. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను.

"అక్కా, ఏం సెట్టింగే ఇది?" అన్నాడు గుసగుసగా.

"నోర్మూసుకుని డిలీట్ నొక్కు."

"ఎన్నిసార్లు?"

"తెర మారేదాకా. ఆ, ఇప్పుడు కిందికి రా. అదిగో, మెమరీ. ఆన్ పెట్టు."

వాడు తెర మీది అంకెలు చూశాడు. అంకె మారడం చూశాడు.

"ఇది ఎప్పుడూ ఇక్కడే ఉందా?"

"నువ్వు పొయ్యిలో వేసిన పుస్తకాలన్నిట్లో ఉంది."

"నేను బిగించినవన్నీ ఇంతేనా?"

"అన్నీ."

"నీ పాతది?"

"ఆరేళ్లు."

వాడి మెడ ఎర్రబడింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"గురువారం."

"ఇందాక చెప్పేసి ఉండొచ్చు. అందరూ ఉన్నారు."

"ఉండొచ్చు. ఎంటర్ నొక్కు, పక్క బల్లకి పద. హాల్లో నువ్వు బిగించినవి ఎన్ని?"

"పద్నాలుగు. నాదీ కలిపితే పదిహేను." గోడ గడియారం వైపు చూశాడు. గంట కొట్టడానికి ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. "అక్కా, నీ బల్ల దగ్గర ఎవరూ లేరు. నువ్వెళ్లు. చూపించావుగా, నేను చేసుకుంటా."

"నీకు డిలీట్ ఎప్పుడు నొక్కాలో కూడా తెలియడం లేదు. పద."

ఒక్కో బల్ల దగ్గరా అదే తంతు. యజమానులతో నేను గట్టిగా కబుర్లు చెప్పి వాళ్ల చూపు మళ్లిస్తాను, వెనకనుంచి వాడు నొక్కుతాడు. ఫెర్గస్ దగ్గర మాత్రం ఇద్దరం చాలా హుందాగా చేశాం. ఐదోదాని దగ్గర రాయిస్ డిలీట్ బదులు ఇంకేదో నొక్కి తెరంతా చైనా భాషలోకి మార్చేశాడు, దాన్ని వెనక్కి తేవడానికి మూడు నిమిషాలు పోయాయి. ఎనిమిదోదాని కీబోర్డు వైరు ఊడిపోయింది. దాన్ని మళ్లీ గుచ్చడానికి నేను మోకాళ్ల మీద బల్ల కిందికి దూరాను.

అక్కడ ఉండగా వినబడింది. హాలుకి అవతల, నా బల్ల దగ్గర ఎవరో నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆడగొంతు.

"ఇదెవరు బిగించారు? వైర్లు చూడు, ఎంత పొందికగా కట్టారో. హాల్లో ఇంత శుభ్రమైనది ఇంకోటి లేదు."

"ఇంకెవరు" అంది మగగొంతు. "రాయిస్ అయ్యుంటాడు."

ఏడాదిపాటు ఈ ఒక్క ప్రశ్న కోసమే చూశాను, అది వచ్చేసరికి నేను ఎవరి బల్ల కిందో కుక్కలా నాలుగు కాళ్ల మీద ఉన్నాను. లేచి అక్కడికి వెళ్లాలంటే ముప్ఫై అడుగులు. ఇంకా ఏడు మిగిలాయి. గంటకి పది నిమిషాలుంది. పళ్లు బిగించుకుని వైరు గుచ్చాను.

రాయిస్ కూడా విన్నాడు. వాడి బూట్లు నా మొహం ముందే ఉన్నాయి, అవి కదిలాయి. వాడు నిటారుగా నిలబడి, రేవులో ఓడ మీదివాళ్లని పిలిచే గొంతుతో హాలంతా వినబడేలా అన్నాడు.

"ఆ చివర బల్ల మీదిది మా అక్క గ్లెనిస్ బిగించింది. నేను ఒక్క స్క్రూ ముట్టుకోలేదు. మెమరీ కూడా తనే ఏరుకుంది, రెండు స్టిక్కులు. నాలుగు కొనమని నేనే చెప్పాను. నాది తప్పు."

ఇన్నేళ్లలో ఆ గొంతు తనది తప్పు అనడం అక్కడ ఎవరూ విని ఉండరు, నేను కూడా. అందరూ నా కోసం చూస్తున్నారని తెలుస్తోంది గానీ, నేను బల్ల కిందనుంచి ఒక చెయ్యి మాత్రమే బయటికి పెట్టి ఊపగలిగాను.

రాయిస్ మళ్లీ కీబోర్డు మీదకి వంగాడు.

"ఇంకెన్ని?" అన్నాడు.

"ఇది కాక ఏడు. డిలీట్ నొక్కుతూ ఉండు."